ఎనిమిది ఫొటోలు, ఒక మౌంట్: యాభయ్యేళ్ల పెళ్లిరోజుకు చేసిన డిజిటల్ ఫ్రేమ్

తెనాలిలో మాది చిన్న డిజైనింగ్ సెంటర్. పెళ్లి ఆల్బమ్‌లు, పాత ఫొటోల రిపేరు, ఫ్రేము కట్టించుకునే కొలాజ్‌లు మా రోజువారీ పని. 2024 ఏప్రిల్ మొదట్లో విజయవాడ నుంచి ఒకాయన వచ్చారు. వాళ్ల అమ్మానాన్నల పెళ్లి 1974 మే నెలలో అయింది. ఇంకో నెలన్నరలో యాభయ్యేళ్లు నిండుతాయి. అక్క డాలస్‌లో ఉంటారట. ఇద్దరూ కలిసి ఇచ్చే కానుక ఏమిటంటే, ఎనిమిది ఫొటోలు ఒకే ఫ్రేములో రావాలి. మౌంట్ కోసి ఒక్కో ఫొటోను ఒక్కో గడిలో కూర్చోబెట్టినట్టు ఉండాలి. అచ్చం అలాంటిదే ఇంకొకటి డాలస్‌లో అక్క ఇంటి గోడకీ ఉండాలి.

మౌంట్ అంటే ఫొటోకీ ఫ్రేముకీ మధ్య కనిపించే మందపాటి అట్ట. కొందరు మ్యాట్ అంటారు. మెరుపు లేని ప్రింటునీ మ్యాట్ అనే అంటాం కాబట్టి గందరగోళం లేకుండా ఇక్కడ మౌంట్ అనే రాస్తాను. ఆ అట్టలో గడి కోసేటప్పుడు బ్లేడును నిటారుగా కాకుండా 45 డిగ్రీల వాలులో పెట్టి కోస్తారు. అందుకే గడి చుట్టూ సన్నగా తెల్లటి అంచు కనిపిస్తుంది. అది అట్ట లోపలి పొర. మామూలు మౌంట్ బోర్డు మందం దాదాపు ఒకటిన్నర మిల్లీమీటరు.

అసలు బోర్డే కోయిద్దామని ముందు మా వీధి చివర ఫ్రేముల షాపు బాబాయ్‌ని అడిగాను. "ఎనిమిది గడులంటే ముప్పై రెండు కోతలు అబ్బాయ్. ముప్పై ఒకటి బాగా వచ్చి ఒక్క మూల జారినా బోర్డు మొత్తం పారెయ్యాలి" అన్నాడు. పైగా అలాంటిది రెండు కావాలి, ఒకటి సముద్రం దాటాలి. కాబట్టి మౌంట్‌ను కూడా ఫైల్‌లోనే తయారుచేసి, ఒకే ప్రింటుగా తీయాలని అనుకున్నాం. సైజు 18 × 24 అంగుళాలు. ఇక్కడ ఏ ల్యాబ్‌లోనైనా తీస్తారు, అమెరికాలో ఆ సైజు ఫ్రేము రెడీమేడ్‌గానే దొరుకుతుంది. 300 రిజల్యూషన్‌లో, అంటే అంగుళానికి 300 పిక్సెళ్ల చొప్పున, అది 5400 × 7200 పిక్సెళ్లు.

ఈ పని నేను రెండుసార్లు చేయాల్సి వచ్చింది. మొదటిసారి ఏం తప్పు జరిగిందో వివరంగా రాస్తాను, ఎందుకంటే అదే తప్పు ఊళ్లో కనిపించే కొలాజ్‌లలో చాలావాటిలో ఉంది.

ఫొటోలు చేరడం

అక్కగారు ఎనిమిది ఫొటోలనూ వాట్సాప్‌లో పంపించారు. పెళ్లి ఫొటో ఆల్బమ్ పేజీని ఫోన్‌తో తీసింది. ప్లాస్టిక్ కవరు మీద ట్యూబ్‌లైటు మెరుపు, పక్కన వేలి నీడ. నాకు చేరిన ఫైలు 1200 × 1600. ఆల్బమ్ అంచులు తీసేసి ఫొటో వరకే కత్తిరిస్తే 700 × 1000 కూడా మిగల్లేదు. దానికి నేను అనుకున్న గడి 1875 × 2250. సాగదీస్తే పెళ్లికూతురి కళ్లు మసకబారిపోతాయి. "ఆల్బమే పట్టుకురండి సార్, ఇక్కడే నా ముందే స్కాన్ చేసి మీ చేతికి ఇచ్చేస్తాను" అని తమ్ముడుగారికి చెప్పాను. డాలస్‌లో ఉన్న మనవల ఫొటోను మాత్రం మళ్లీ డాక్యుమెంట్‌గా పంపమన్నాను. అలా పంపితే వాట్సాప్ దాన్ని కుదించదు.

ఆల్బమ్ వచ్చాక అసలు సంగతి తెలిసింది. పెళ్లి ఫొటో నలుపు తెలుపు, నాలుగు అంగుళాల వెడల్పు, ఆరు అంగుళాల ఎత్తు. 600లో స్కాన్ చేస్తే 2400 × 3600 వచ్చింది, కావలసినదానికంటే ఎక్కువే. వాళ్ల నాన్నగారు టీచరుగా చేరినప్పటి పాస్‌పోర్ట్ ఫొటో ఇంకో చిక్కు. 35 × 45 మిల్లీమీటర్ల ముక్క. దాన్ని 1200లో స్కాన్ చేస్తే సుమారు 1650 × 2120 వచ్చింది. దాని గడి 1200 × 1500 కాబట్టి సరిపోయింది. ఎంత రిజల్యూషన్‌లో స్కాన్ చేయాలన్నది ఫొటో ఎంత చిన్నదో, గడి ఎంత పెద్దదో చూసి లెక్కేసుకోవాలి. అన్నిటికీ ఒకే అంకె పెట్టుకుంటే చిన్న ఫొటోల దగ్గర దెబ్బ తింటాం.

ఆ పాస్‌పోర్ట్ ఫొటోను ముఖాలు స్పష్టంగా చేసే ఏఐ టూల్‌లో కూడా పెట్టి చూశాను. చర్మం నున్నగా, కనురెప్పల వెంట్రుకలు ఒక్కొక్కటిగా, అద్భుతంగా వచ్చింది. తమ్ముడుగారికి చూపిస్తే కాసేపు చూసి, "ఈయన మా నాన్న కాదండీ" అన్నారు. నిజమే. ఎడమ కన్ను పక్కన చిన్న మడత ఉండేది, అది పోయింది. పెదవి గీత మారింది. అసలు ఫొటోలో లేనిదాన్ని ఆ టూల్ ఊహించి పెడుతుంది. ఇంట్లోవాళ్లు ఆ ముఖాన్ని యాభై ఏళ్లుగా చూస్తున్నారు, వాళ్లకు తెలిసిపోతుంది. ఆ ఫైలు తీసేశాను. గీతలు, మచ్చలు హీలింగ్ బ్రష్‌తో చేత్తోనే తుడిచాను. ముఖం మీద మాత్రం దుమ్ము చుక్కలు తప్ప ఇంకేమీ ముట్టుకోలేదు.

1986లో తిరుమలలో తీయించుకున్న రంగుల ఫొటో ఎర్రగా మారిపోయింది. ఆ కాలపు రంగుల ప్రింట్లలో చాలావాటికి ఇదే జబ్బు. ఆల్బమ్‌లో చీకట్లో ఉన్నా నీలాకుపచ్చ రంగు పొర ముందు వెలిసిపోతుంది, దాంతో నల్లగా ఉండాల్సిన జుట్టు కూడా ఇటుక రంగుకు తిరుగుతుంది. దీనికి మొత్తం ఫొటో మీద ఎరుపు తగ్గిస్తే ముఖాలు పాలిపోతాయి. ఫొటోషాప్‌లో చీకటి వెలుగులను సరిచేసే లెవెల్స్‌లో రెడ్ ఛానెల్ తీసుకుని, ఎడమవైపు నల్ల ముల్లును గ్రాఫ్ మొదలయ్యే చోటి వరకు జరపాలి. ముందు నీడలు నలుపుకు వస్తాయి, ఆ వెంటే అమ్మగారి ఆకుపచ్చ చీర బయటపడింది. ఆ చీర ఆకుపచ్చదన్న సంగతి కొడుక్కి కూడా గుర్తులేదు.

గడుల లెక్క

పైన మూడు, మధ్యలో రెండు, కింద మూడు. మధ్యలో ఎడమవైపు 1974 పెళ్లి ఫొటో, కుడివైపు ఇప్పుడు అదే జంట ఇంటి అరుగు మీద కూర్చున్న ఫొటో. ఈ రెండూ పక్కపక్కనే ఉండాలని వాళ్లు అడగలేదు, నేనే పట్టుబట్టాను. అన్ని ఫొటోలూ ఒకే సైజులో పెడితే చూసే కంటికి ముందు ఎక్కడ ఆగాలో తెలియదు.

పక్కల రెండున్నర అంగుళాలు, పైన రెండున్నర, కింద మూడు వదిలాను. కింద కాస్త ఎక్కువ వదలడం ఫ్రేములవాళ్ల పాత పద్ధతి. సమానంగా వదిలితే గోడ మీద చూసినప్పుడు ఫొటోలు కిందికి జారినట్టు అనిపిస్తాయి. గడికీ గడికీ మధ్య అరంగుళం. చిన్న గడి 4 × 5, పెద్దది 6.25 × 7.5. వెడల్పు కూడి చూడండి: మూడు నాలుగులు పన్నెండు, రెండు సందులకు ఒకటి, పక్కలకు ఐదు, మొత్తం పద్దెనిమిది. ఎత్తు కూడా అలాగే, రెండు వరసలకు పది, మధ్య వరసకు ఏడున్నర, సందులకు ఒకటి, పైనా కిందా కలిపి ఐదున్నర, మొత్తం ఇరవై నాలుగు. ఈ లెక్క కాగితం మీద కుదిరాకే ఫొటోషాప్ తెరిచాను. ఫ్రేము కర్ర అంచు నాలుగు వైపులా పావు అంగుళం, అంటే 75 పిక్సెళ్లు, మింగేస్తుందని కూడా గుర్తుంచుకోవాలి.

మొదటి ప్రయత్నం

అలవాటు ప్రకారం చేశాను. అడుగున మౌంట్ రంగుతో ఒక లేయర్ (ఫైలులో ఒకదాని మీద ఒకటి పేర్చే పొర), దాని మీద ఎనిమిది ఫొటోలు. ఒక్కో ఫొటోకూ తెల్లటి స్ట్రోక్ (చుట్టూ గీత), బెవెల్ (వాలు అంచు), డ్రాప్ షాడో (కింద పడే నీడ). గంటన్నరలో అయిపోయింది. కంప్యూటర్ మీద చక్కగానే ఉందనిపించింది. 12 × 18లో ఒక ప్రింటు తీయించి బాబాయ్ షాపుకు పట్టుకెళ్లాను.

ఆయన కళ్లద్దాలు పైకి జరుపుకుని చూశాడు. "బాగుంది గానీ ఇది కోసిన మౌంట్ కాదురా. ఫొటోలు అట్ట మీద అతికించినట్టున్నాయి, పైకి లేచి ఉన్నాయి" అన్నాడు. ఎందుకలా అనిపిస్తోందని అడిగితే మాటల్లో చెప్పలేదు. షాపు మూల నుంచి ఒక నిజమైన మౌంట్ ముక్క తీసి, గుమ్మం దగ్గర వెలుతురులో పట్టుకుని, "ఇది చూడు" అన్నాడు.

అప్పుడు చూశాను. వెలుతురు పై నుంచి పడుతోంది. గడి కింది అంచు తెల్లగా మెరుస్తోంది. పై అంచు బూడిద రంగులో ఉంది. వాలు కోత లోపలికి, ఫొటో వైపుకి దిగుతుంది కదా, అందుకని కింది అంచు ముఖం పైకి తిరిగి ఉంటుంది, వెలుతురు దాని మీదే పడుతుంది. పై అంచు ముఖం కిందికి ఉంటుంది, కాబట్టి నీడలో ఉంటుంది. అట్ట తన నీడను లోపల ఉన్న ఫొటో పై భాగం మీద పడేస్తుంది. నా ప్రింటులో అంతా తలకిందులు. పై అంచు మెరుస్తోంది, కింది అంచు చీకటి, నీడ ఫొటో మీద కాక బయట మౌంట్ మీద పడుతోంది. మన కన్ను ఈ లెక్కలు వేసుకోదు, కానీ వెలుతురును బట్టి ఏది ఎత్తు ఏది లోతు అన్నది క్షణంలో తేల్చేస్తుంది. నేను పెట్టిన వెలుతురు ప్రతి ఫొటో ఎత్తుగా ఉందని చెబుతోంది.

తప్పు బెవెల్ అంకెల్లో లేదు, లేయర్ల వరసలో ఉంది. నిజమైన ఫ్రేములో ఫొటో అడుగున ఉంటుంది, దాని మీద మౌంట్ కూర్చుంటుంది. నేను మౌంట్‌ను అడుగున పరిచి ఫొటోలను పైన పెట్టాను. వరస తప్పితే ఎఫెక్టులను ఎంత సవరించినా వెలుతురు నిజం కాదు.

రెండో ప్రయత్నం

ఫైలు మూసేసి కొత్తది తెరిచాను. ఈసారి బాబాయ్ బల్ల మీద ఫ్రేము ఎలా పేరుస్తాడో అదే వరసలో లేయర్లు.

అన్నిటికంటే అడుగున ఫొటోల గ్రూపు. ప్రతి ఫొటోకూ కింద ఒక దీర్ఘచతురస్రం, ఫొటో ఆ ఆకారం దాటి కనిపించకుండా క్లిప్పింగ్ మాస్క్‌తో దానికి బిగించాను. ఆ చతురస్రం గడి కంటే నాలుగు వైపులా 40 పిక్సెళ్లు పెద్దది. అసలు ఫ్రేములోనూ మౌంట్ ఫొటో అంచును కొంచెం కప్పుతుంది. సందు 150 పిక్సెళ్లు కాబట్టి రెండు పక్కల 40లు పోయినా ఒక ఫొటో ఇంకో గడిలోకి తొంగిచూడదు. ప్రతి ఫొటోనూ స్మార్ట్ ఆబ్జెక్ట్‌గానే పెట్టాను. చిన్నదిగా చేసి మళ్లీ పెద్దదిగా చేసినా నాణ్యత పోదు, తర్వాత మార్చడమూ తేలిక.

దాని మీద రెండు లేయర్లు. ఒకటి అట్ట లోపలి తెల్లపొర, దాని పైన మౌంట్ రంగు. రెండూ మొత్తం కాన్వాస్‌ను నింపే రంగు లేయర్లే, రెండిటికీ లేయర్ మాస్క్ ఉంది, మాస్క్‌లో గడులు ఉన్న చోట నలుపు నింపాను. నలుపు పడిన చోట రంధ్రం పడి కింద ఫొటో కనిపిస్తుంది. కీలకం ఏమిటంటే ఈ రెండు మాస్కుల్లో గడుల సైజు వేరు. మౌంట్ రంగు లేయర్‌లో చిన్న గడి 1200 × 1500. తెల్లపొరలో అదే గడి 1164 × 1464, అంటే ప్రతి వైపూ 18 పిక్సెళ్లు తక్కువ. ఒకటిన్నర మిల్లీమీటరు అట్టను 45 డిగ్రీల్లో కోస్తే ఎదురుగా చూసినప్పుడు కనిపించే వాలు కూడా ఒకటిన్నర మిల్లీమీటరే. 300 రిజల్యూషన్‌లో అది దాదాపు 18 పిక్సెళ్లు. ఇంతకుముందు ఈ అంచును చూపుకు బాగుందని 40, 50 పెట్టేవాణ్ణి. అంత వెడల్పు పెడితే అట్ట కాదు, చెక్క పలక కోసినట్టు కనిపిస్తుంది.

బెవెల్ అండ్ ఎంబాస్ తెల్లపొర లేయర్‌కు మాత్రమే ఇచ్చాను. ఇన్నర్ బెవెల్, టెక్నిక్ చిజెల్ హార్డ్, సైజు 18. చిజెల్ హార్డ్ పెడితే మూలల్లో రెండు వాలులూ కలిసే చోట సన్నటి ఏటవాలు గీత వస్తుంది, నిజమైన కోతలో ఉన్నట్టే. స్మూత్ పెడితే మూల కరిగిన మైనంలా ఉంటుంది. వెలుతురు కోణం 110, అన్ని ఎఫెక్టులకూ ఒకే వెలుతురు ఉండేలా గ్లోబల్ లైట్ ఆన్. ఇక్కడ నేనేమీ తిప్పలేదు, రివర్స్ చేయలేదు. రంధ్రాలున్న లేయర్ పైన ఉంది కాబట్టి గడి కింది అంచు తనంతట తానే వెలిగింది, పై అంచు నీడలోకి వెళ్లింది. అదే లేయర్‌కు డ్రాప్ షాడో పెడితే నీడ గడి లోపలికి, ఫొటో పై అంచు మీదే పడింది. వరస సరైతే ఎఫెక్టులు వాటంతట అవే సరిగ్గా పనిచేయడం చూసి నాకు చాలా సంతోషం వేసింది. ఆ రోజు రాత్రి పది దాటింది, అయినా ఇంట్లోవాళ్లను పిలిచి చూపించాను.

తెల్లపొరకు అచ్చ తెలుపు పెట్టకండి. తెలుపు మీద హైలైట్ కనిపించదు, ఇక నీడ ఒక్కటే మిగిలి అంచు మురికిగా ఉంటుంది. నేను ఆర్‌జీబీ 240, 235, 224 వాడాను. నీడకు కూడా నలుపు కాకుండా ముదురు గోధుమ రంగు, ఒపాసిటీ (చిక్కదనం) 35 శాతం, దూరం 9, సైజు 21. మొదట 75 శాతం పెట్టాను. టెస్ట్ ప్రింటులో ఫొటోల నెత్తిన మసి పూసినట్టు వచ్చింది. స్క్రీన్ వెనక నుంచి వెలుగుతుంది, కాగితం వెలగదు, అందుకే ప్రింటులో నీడలు ఇంకా చిక్కబడతాయి. బెవెల్ ఇచ్చేటప్పుడు బ్లెండింగ్ ఆప్షన్లలో లేయర్ మాస్క్ హైడ్స్ ఎఫెక్ట్స్ అన్న టిక్ లేకుండా చూసుకోండి. అది ఉంటే ఎఫెక్టు మాస్క్ అంచును పట్టుకోదు, గడి చుట్టూ ఏమీ రాదు.

ఇదే వరస ఉచితంగా దొరికే గింప్‌లోనూ, బ్రౌజర్‌లో నడిచే ఫొటోపియాలోనూ చేసుకోవచ్చు. ఫొటోపియాలో లేయర్ స్టైళ్లు ఇంచుమించు ఇలాగే ఉంటాయి.

మౌంట్ రంగు దగ్గర అక్కగారితో కొంచెం చర్చ నడిచింది. అమ్మగారి పెళ్లి చీర మెరూన్ అట, మౌంట్ కూడా మెరూన్ కావాలన్నారు. వేసి చూపించాను. చుట్టూ అంత ఎరుపు ఉంటే మధ్యలో ఉన్న బూడిద రంగు ఆకుపచ్చగా తిరిగినట్టు కంటికి కనిపిస్తుంది. పెళ్లి ఫొటోలో ముఖాలు జబ్బుపడినట్టు కనిపించాయి. వీడియో కాల్‌లో ఆవిడే గమనించి, "అయ్యో, వద్దులెండి" అన్నారు. కానీ మెరూన్ పూర్తిగా పోవడం నాకూ ఇష్టం లేదు. మౌంట్‌ను మీగడ రంగు చేసి, ప్రతి గడి చుట్టూ 30 పిక్సెళ్ల దూరంలో 6 పిక్సెళ్ల మెరూన్ గీత గీశాను. ప్రింటులో అర మిల్లీమీటరు. దగ్గరికొచ్చి చూసేవాళ్లకే కనిపిస్తుంది, చీర అంచులా ఉంటుంది.

మౌంట్ మీద ఇంకో పలుచటి లేయర్, 50 శాతం బూడిద రంగుతో నింపి, రెండు మూడు శాతం నాయిస్ ఇచ్చి, సాఫ్ట్ లైట్‌లో పెట్టాను. కాగితానికి ఉండే గరుకు వస్తుంది. ఇది లేకపోతే మౌంట్ ప్లాస్టిక్‌లా ఉంటుంది.

కింది మూడంగుళాల్లో రెండు పేర్లు, 1974 – 2024. ఇక్కడ ఒక మాట. ఫొటోషాప్ కొన్ని వెర్షన్లలో యూనికోడ్ తెలుగు టైప్ చేస్తే వత్తులు విడిపోయి పక్కన పడుతుంటాయి, చాలామంది అందుకే ఇంకా యూనికోడ్ కాని అను ఫాంట్లలోనే ఉండిపోయారు. అలాంటి వెర్షన్లలో ప్రిఫరెన్సెస్‌లో టైప్ విభాగంలోకి వెళ్లి వరల్డ్ రెడీ లేఅవుట్ ఎంచుకుంటే వత్తులు సరిగ్గా కూర్చుంటాయి. ఇంకా పాత వాటిలో అదే చోట మిడిల్ ఈస్టర్న్ అండ్ సౌత్ ఏషియన్ అని ఉంటుంది. నేను మండలి ఫాంటు వాడాను. కానుక మీద పేరులో వత్తు ఊడిపోతే మిగతాదంతా ఎంత బాగున్నా లాభం లేదు.

ప్రింటు, అద్దం

పూర్తి సైజు తీయించే ముందు ఫైలులోంచి 8 × 12 ముక్క అసలు సైజులోనే కత్తిరించి తీయించాను. చిన్నదిగా కుదించి తీసే టెస్ట్ ప్రింటులో 18 పిక్సెళ్ల అంచు ఎలా ఉందో తెలియదు. నీడ ఒపాసిటీ తగ్గించింది ఈ ముక్క చూశాకే. ఫైనల్ ఫైలు ఎస్‌ఆర్‌జీబీలో, జేపెగ్ నాణ్యత 12లో ఇచ్చాను. లేయర్ల ఫైలు సుమారు 900 ఎంబీ వచ్చింది, దాన్ని రెండు చోట్ల దాచాను.

డిజిటల్ మౌంట్‌కు ఒక లోపం ఉంది, కస్టమర్‌కు ముందే చెప్పాలి. నిజమైన మౌంట్ ఫొటోకీ అద్దానికీ మధ్య ఖాళీ ఉంచుతుంది. మనం చేసినదాంట్లో ప్రింటు నేరుగా అద్దాన్ని తాకుతుంది. మన కోస్తా చెమ్మకు కొన్నేళ్లలో అద్దానికి అతుక్కుపోతుంది, తీయబోతే బొమ్మ ఊడి వస్తుంది. అలా వచ్చిన ఫ్రేములు రిపేరుకు నా దగ్గరికే వస్తాయి, ఆ ముఖాలను అద్దం మీద చూడటం బాధగా ఉంటుంది. అందుకని తెనాలిలో అమ్మానాన్నల ఇంటి ఫ్రేముకు మెరుపు లేని లామినేషన్ చేయించి, బోర్డు మీద అతికించి, అద్దం లేకుండా కట్టించాం. డాలస్‌లో అక్కగారు అద్దమే కావాలన్నారు. ప్రింటు అద్దానికి తగలకుండా ఫ్రేము అంచు లోపల స్పేసర్ పట్టీలు వేయించమని చెప్పాను, వేయించారు.

వెలుతురు కోణం 110 పెట్టడానికి కూడా కారణం ఉంది. తెనాలి ఇంట్లో ఫ్రేము పెట్టే గోడకు ఎడమపక్క కిటికీ. బొమ్మలో వెలుతురు కూడా పైనుంచి, కొద్దిగా ఎడమ నుంచి వస్తే గోడ మీద అది నిజమనిపిస్తుంది. డాలస్ హాల్లో పైన లైట్లు ఉన్నాయి, అక్కడా సరిపోయింది.

మే నెలలో ఫ్రేము బిగించడానికి నేనూ బాబాయ్ వెంట వెళ్లాను. అమ్మగారు దగ్గరికి వచ్చి పెళ్లి ఫొటో గడి అంచు మీద వేలు పెట్టి తడిమారు. నున్నగా తగిలేసరికి మళ్లీ ఇంకోసారి తడిమి, "ఇది కోయలేదా బాబూ?" అని అడిగారు. బాబాయ్ నా వైపు చూసి తల ఊపాడు. నాన్నగారు మాత్రం పాస్‌పోర్ట్ ఫొటో దగ్గరే నిలబడ్డారు.

డిసెంబరులో తమ్ముడుగారికి పాప పుట్టింది. కింది వరస చివరి గడిలో ఆ పాప ఉండాలన్నారు. ఎనిమిదో స్మార్ట్ ఆబ్జెక్ట్ తెరిచి ఫొటో మార్చి సేవ్ చేశాను, అంచూ నీడా అలాగే ఉన్నాయి. సాయంత్రానికి కొత్త ప్రింటు ల్యాబ్ నుంచి వచ్చింది. పాత ప్రింటును వాళ్లు పారేయలేదు, విజయవాడలో తమ్ముడుగారి ఇంట్లో ఉంది.